అమ్మ వెనక్కి తిరగలేదు

మా బుడ్డోడు ఇనప మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే వాడికి మాతో ఏదో పని పడిందని నాకు అర్థమైపోయింది. పని లేకపోతే వాడు ఫోనుతోనే సరిపెడతాడు. బుడ్డోడంటే మా మామయ్య కొడుకు. ఆరడుగులు పెరిగి, గడ్డం నెరిసి, సినిమాలు తీసే కంపెనీలో భాగస్తుడై కూర్చున్నా ఇంట్లో వాడి పేరు అదే. వరసకి నాకు మరిది. చేతిలో పళ్ళబుట్ట పట్టుకొచ్చాడు. బుట్ట చుట్టూ మెరిసే కాగితం, దాని మీద రిబ్బను. ఆ రిబ్బను చూశాక నా అనుమానం గట్టిపడింది.

అమ్మ కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఎవరిదో కోటు చేతికి అస్తరు వేస్తోంది. వెనక్కి తిరగలేదు. మా ఇంటికి వచ్చేవాళ్ళందరికీ అది అలవాటే. మెట్ల మీద ఎవరి అడుగులు వినపడ్డా అమ్మ తిరగదు. వచ్చినవాళ్ళే గది దాటి, మిషను పక్కకి చేరి పలకరించాలి. కొత్తవాళ్ళు కొందరు కావాలనే కాళ్ళు గట్టిగా తపతపలాడిస్తూ ఎక్కేవాళ్ళు. అమ్మ తిరగకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయేవాళ్ళు. అదంతా మామయ్య సినిమా చలవ అని ఊరందరి నమ్మకం, నాదీనూ.

"అత్తా, నీకో శుభవార్త. నాన్న సినిమాని మళ్ళీ తీస్తున్నాం" అన్నాడు బుడ్డోడు, బుట్టని కత్తిరించిన గుడ్డల మీద పెట్టేస్తూ.

"ఎందుకు? మొదటిది పోయిందా?" అన్నాను.

"పోవడం కాదు వదినా. ఈ తరానికి చేరాలి కదా."

"ఈ తరానికి కళ్ళు లేవేంట్రా? ఉన్నదే చూపించు. బుట్ట అక్కణ్ణించి తియ్యి, తెల్లబట్టకి మరకవుతుంది."

"నీ నోటికో దండం వదినా" అంటూ బుట్ట తీసి నేల మీద పెట్టాడు.

నా నోటి సంగతి నాకు తెలుసు. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షను నా చేతి కింద ఉంది. బల్ల మీదకి చొక్కా రాగానే దాన్ని తిరగేసి మరగేసి, ఎక్కడ కుట్టు జారిందో, ఎక్కడ జేబు వంకరపోయిందో చూసి అక్కడో ఎర్ర స్టిక్కరు అంటించి అవతల పారేస్తాను. జీతం తీసుకునేదే తప్పులు పట్టడానికి. ఇంటికొచ్చాక ఆ కళ్ళు తీసి గూట్లో పెట్టలేను కదా.

మామయ్య సినిమా గురించి చెప్పాలి. ఆయన దాన్ని ఈ గదిలోనే తీశాడు, కింద సైకిలు షాపులో రేకులు కొట్టే చప్పుడు మధ్యనే. కథ మాదే. నాన్న ఒక పొద్దున, అమ్మ తన కోసం కుడుతున్న చొక్కా చూసి "కాలరు అయ్యేలోపు వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళాడు. రాలేదు. ఎందుకు వెళ్ళాడో అమ్మకి తెలీదు, మామయ్యకి తెలీదు, ఆయనకైనా తెలుసో లేదో. సినిమాలోనూ ఎవరూ చెప్పరు. భర్త వేషానికి అసలు మనిషే లేడు. కాలరు లేని చొక్కా ఒకటి హ్యాంగరుకి వేలాడుతూ ఉంటుంది, అదే భర్త. ఆమె అందరి బట్టలూ కుడుతుంది, ఆ చొక్కా జోలికి మాత్రం పోదు. చివర్లో ఒకరోజు దాన్ని దించి, కుట్లు విప్పి, కూతురికి గౌను కత్తిరిస్తుంది. ఆ గౌను కుడుతుండగా మెట్ల మీద అడుగులు వినిపిస్తాయి. గుమ్మం దగ్గర ఆగుతాయి. మిషనూ ఆగుతుంది. మనకి ఆమె వీపు మాత్రమే కనిపిస్తుంది. కాసేపటికి మిషను మళ్ళీ మొదలవుతుంది. అంతే, సినిమా అయిపోతుంది.

చొక్కా నిజం. గౌను నిజం, దాన్ని తొడుక్కుని బడికెళ్ళింది నేనే. అడుగులు మాత్రం మామయ్య కల్పన. నాన్న వదిలేసి వెళ్ళిన పాత చెప్పులు తన కాళ్ళకి తగిలించుకుని, మా మెట్లే ఎక్కి ఆ చప్పుడు రికార్డు చేశాడు. జనం ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నారు. ఆ వీపు బొమ్మని గోడలకి అంటించుకున్నారు. అమ్మ రోడ్డు మీద నడుస్తుంటే ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్ళు.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. సినిమా వచ్చిన కొన్నాళ్ళకి నాన్న నిజంగానే వచ్చాడు. నేను లోపలి గదిలో లెక్కలు చేసుకుంటున్నాను. అడుగులు ఎక్కాయి, గుమ్మం దగ్గర ఆగాయి. మిషను ఆగింది. మళ్ళీ మొదలైంది. ఇంకాసేపటికి అడుగులు దిగిపోయాయి. ఆ సాయంత్రం అన్నం పెడుతూ అమ్మ "మీ నాన్న వచ్చి వెళ్ళాడు" అంది. సినిమాలోలాగే అమ్మ తిరగలేదని నేను పొంగిపోయాను. తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకి వేరే ఊళ్ళో పోయాడని కబురొచ్చింది. కానీ ఆ రోజు సంగతి నేను చెప్పని మనిషి లేడు. మామయ్య రాసింది రాసినట్టు జరిగింది, అంత నిజమైన సినిమా అది, అంత గట్టి మనిషి మా అమ్మ అని ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్పేదాన్ని. నా జీవితంలో నేను గొప్పగా చెప్పుకోడానికి అంతకన్నా వేరే ఏం లేదు.

అలాంటిదాన్ని మళ్ళీ తీస్తాడట.

"పాత సినిమా అభిమానులు మమ్మల్ని బతకనివ్వట్లేదు వదినా. మొదలుపెట్టకముందే తిట్లు. అందుకే సినిమా అయ్యాక అత్త కెమెరా ముందు రెండు ముక్కలు చెప్పాలి. 'ఇది నా కథ, నాకు నచ్చింది' అని. అత్త సరే అంటే ఇంకెవడూ నోరెత్తడు."

అప్పుడు తెలిసింది రిబ్బను దేనికో. అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపు అమ్మ దారం కొరికి "చూశాక చెప్తాలేరా" అంది.

చూశాక కాదు, ఎప్పటికీ ఆ మాట అమ్మ నోటి నుంచి రాకూడదని నేను అప్పుడే గట్టిగా అనుకున్నాను. వాళ్ళు ఏం తీసుకున్నా తీసుకోనీ. అమ్మ ఒప్పుకోలు మాత్రం వాళ్ళకి దక్కనివ్వను.

*

హీరోయిన్‌కి మిషను తొక్కడం నేర్పమని అమ్మని షూటింగుకి పిలిచారు. నేను సెలవు పెట్టి మరీ వెంట వెళ్ళాను.

ఊరి చివర ఒక పెద్ద షెడ్డు. అందులో మా గది. మా గదే గానీ, ఓ పెళ్ళి చేసుకోవచ్చు అందులో. కిటికీ మా కిటికీకి అమ్మమ్మలా ఉంది. గోడకి పెచ్చులూడిన రంగు కొత్తగా వేశారు. మిషను వెనక గోడ మీద ఓ గుండ్రటి నూనె మరక కూడా ఉంది. దాన్ని చూసి నేను ఆగిపోయాను. పాత సినిమా తీసేటప్పుడు మామయ్య కెమెరామన్ మధ్యాహ్నం పూట ఆ గోడకి తలానించి కునుకు తీసేవాడు. ఆయన తలనూనె మరక అది. సినిమాలో పడిందని ఎవరికీ తెలీనే తెలీదు. వీళ్ళు పాత సినిమాని ఆపి ఆపి చూసి, ఆ మరకని కొలిచి, అదే ఎత్తులో, అదే వంకరతో వేశారు. కళాదర్శకుడు దాని ముందు నిలబడి "ఆమె ఒంటరితనానికి ఇది గుర్తు మేడమ్" అని నాకు వివరించాడు.

"గుర్తే. కొబ్బరినూనెది" అన్నాను.

ఆయన నవ్వి, ఏదో రాసుకున్నాడు.

హీరోయిన్ మంచి పిల్లే. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. చేతులకి ఇంతింత గోళ్ళు. "గోళ్ళు తీసెయ్యమ్మా, గుడ్డని దారి తిప్పాలంటే వేలి కొసలు తగలాలి" అంది అమ్మ. ఆ పిల్ల సరేనన్నట్టు తలూపింది గానీ పక్కనున్న మేనేజరు అడ్డమొచ్చాడు. గోళ్ళరంగు కంపెనీతో ఒప్పందం ఉందట, సినిమా అయ్యేదాకా గోళ్ళు తీయడానికి వీల్లేదట. తొక్కే శ్రమ లేకుండా మిషను కింద మోటారు కూడా పెట్టారు. ఆ పిల్ల కాలు ఒక లెక్కలో ఊగుతుంది, చక్రం ఇంకో లెక్కలో తిరుగుతుంది. సూదిలో దారమే లేదు. దారం ఉంటే చిక్కుపడి షాటు చెడిపోతోందని తీసేశారట. నాకు నవ్వాలో తిట్టాలో తెలీలేదు.

అంతలో బయట హడావుడి. గొడుగులు, కుర్చీలు, తెల్లచొక్కాల మనుషులు. వాళ్ళ మధ్య హీరోగారు. తెర మీద మీసం తిప్పితే థియేటర్లో కాగితాలు ఎగురుతాయే, ఆయనే.

"ఈయనకేం వేషంరా?" అని బుడ్డోణ్ణి అడిగాను.

"భర్త."

"భర్తకి వేషం లేదు కదరా. చొక్కా కదా."

"చొక్కాకి మార్కెట్ లేదు వదినా."

ఆ మాట వాడు హాస్యానికి అనలేదు. నేను వాడి మొహంలోకి చూశాను. మామయ్య ముక్కు, మామయ్య నుదురు, కానీ లోపల మామయ్య ఇసుక రేణువంత కూడా లేడు.

దర్శకుడు కుర్రాడే, నాతో మర్యాదగానే మాట్లాడాడు. "ఒరిజినల్ అంటే నాకు ప్రాణం మేడమ్. కానీ అతనెందుకు వెళ్ళాడు, ఆమె ఎందుకు తిరగలేదు అన్నది ఈ రోజుల్లో ఆడియన్స్‌కి అర్థం కాదు. క్లారిటీ ఇవ్వాలి. హీరోగారు ఊరికే వదిలేసి వెళ్ళారంటే ఫ్యాన్స్ ఒప్పుకోరు కదా."

"ఊరికే వదిలేసి వెళ్ళేవాళ్ళు ఉంటారు బాబూ. నేను వాళ్ళల్లో ఒకాయన కూతుర్ని" అన్నాను.

"ఆ క్యారెక్టర్ తీసేశాం మేడమ్" అన్నాడు.

"ఏ క్యారెక్టర్?"

"కూతురు. హీరోగారు ఇంకా తండ్రి వేషాలు వెయ్యట్లేదు."

ఒళ్ళు మండిపోయింది. నా గౌను పోయింది, నేనూ పోయాను. కెమెరామన్ తలనూనెని వదలకుండా తెచ్చుకున్నవాళ్ళు, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పిల్లని ఊడ్చి పారేశారు. తిరుగుదారిలో కారులో అమ్మతో ఆ మాటే అని, ఇంకో నాలుగు అన్నాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ "పాపం, ఊరికే ఊపీ ఊపీ ఆ పిల్లకి కాళ్ళు నొప్పెడతాయి" అంది.

*

సినిమా పూర్తయ్యాక విడుదలకి ముందు మా కోసం ఓ చిన్న థియేటర్లో ఆట వేశారు. మెత్తటి సీట్లు, చల్లటి గాలి. బయట హాల్లో లైట్లు పెట్టి కెమెరా సిద్ధం చేశారు, అమ్మ బయటికి రాగానే పట్టుకోవడానికి. నేను అమ్మ పక్కన కూర్చుని "నచ్చలేదు అని ఒక్క మాట చెప్పి వచ్చెయ్. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. అమ్మ ఊఁ అంది.

ఏం చెప్పమంటారు ఆ సినిమా గురించి! హీరోగారు దేశాన్ని కాపాడే రహస్య ఉద్యోగంలో ఉంటారు, ఇంట్లోవాళ్ళకి తెలీదు. "కాలరు అయ్యేలోపు వచ్చేస్తా" అన్న మాటని, నాన్న గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్న మాటని, ఆయన గాలి వీస్తుండగా నెమ్మదిగా తల తిప్పి అంటారు, వెనక డప్పులు మోగుతాయి. అక్కడినుంచి ఒక పాట, సముద్రం ఒడ్డున. ఆ తర్వాత ఒక ఫైటు. ఫైటులో తలకి దెబ్బ. దెబ్బతో మతిమరపు. ఇన్నాళ్ళూ రాకపోవడానికి కారణం అదీ. మనుషులు మనుషుల్ని ఎందుకు వదిలేస్తారన్న ప్రశ్నకి వీళ్ళకి దొరికిన జవాబు తలకి తగిలిన ఇనపరాడ్డు.

ఇంక ఆ చొక్కా. దాన్ని హ్యాంగరుకి వదలడానికి హీరోగారికి మనసొప్పలేదు కాబోలు, కాలరు లేకుండానే తొడుక్కుని వెళ్ళిపోతారు. సినిమా అంతా దానిలోనే తన్నులాడతారు. కాలరు మాత్రం హీరోయిన్ దగ్గర ఉండిపోతుంది. ఆమె దాన్ని దిండు కింద పెట్టుకుంటుంది, దానితో మాట్లాడుతుంది, దాని మీద పాట పాడుతుంది. చొక్కా ఒకచోట, కాలరు ఒకచోట, చివర్లో రెండూ కలవాలన్నమాట. పాత సినిమాలో ఎక్కడెక్కడ ఎవరూ మాట్లాడకుండా ఊరుకుంటారో, అక్కడల్లా వీళ్ళు వయొలిన్లు కూరారు. పక్కింటావిడ, పాలవాడు, పోలీసు, అందరూ ఆమె ఎంత బాధపడుతోందో మనకి ఒకరి తర్వాత ఒకరు చెప్తూనే ఉంటారు. నేను సీట్లో అటూ ఇటూ మెసిలాను. నా బల్ల మీదకి వచ్చుంటే ఎర్ర స్టిక్కర్ల కింద గుడ్డ రంగు కనపడేది కాదు.

చివరి సీను వచ్చింది. మెట్ల మీద అడుగులు. అడుగులు కావవి, ఏనుగు వస్తున్నట్టుంది. పైగా మెట్ల మీద వాన. హీరోగారు గుమ్మంలో నిలబడ్డారు. మిషను ఆగింది. ఆ పిల్ల తిరిగింది. ఒకసారి ఎడమవైపు నుంచి చూపించారు, ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి పైనుంచి. గదిలో ఫ్యాను కూడా లేదు, అయినా జుట్టు ఎగిరింది. దారపుకండె కిందపడి దొర్లుకుంటూ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన వంగి ఆ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, చుట్టుకుంటూ ఆమె దాకా వచ్చారు. ఆమె కాలరు తీసి ఆయన మెడకి పెట్టింది. పాట.

నాకు నవ్వు ఆగలేదు. అమ్మ చెయ్యి గిల్లి నవ్వుదామని పక్కకి తిరిగాను. అమ్మ సీటు అంచుకి జరిగి, ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని చూస్తోంది. మొహం తడిగా ఉంది. గిల్లబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లైట్లు వెలిగాయి. బుడ్డోడు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "అత్తా, ఎలా ఉంది?"

"ఆ చివరిది ఇంకోసారి వేస్తారా?" అంది అమ్మ. "పాట వద్దు. ఆ అమ్మాయి తిరిగేదాకా చాలు."

వాడి మొహం వెలిగిపోయింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. మళ్ళీ చూడటం నా వల్ల కాక బయట హాల్లోకి వచ్చి నిలబడ్డాను. లోపల్నుంచి ఆ ఏనుగు అడుగులు మళ్ళీ వినపడ్డాయి. కాసేపటికి అమ్మ వచ్చింది. కెమెరా మనిషి దీపం వెలిగించబోతే "రేపు ఇంటికి రండి నాయనా, అలిసిపోయాను" అంది.

*

ఇల్లు చేరాం. అమ్మ చీర మార్చుకుని, మిషను మీద గుడ్డ తీసి, చిన్న గుడ్డముక్కతో చక్రం తుడవడం మొదలుపెట్టింది. ఇంక నా వల్ల కాలేదు.

"నీకెలా నచ్చిందమ్మా ఆ చెత్త?"

"నచ్చిందని ఎవరన్నారు? చెత్తే. ఆ పిల్ల కాలు ఒక దారి, చక్రం ఒక దారి. కాలరుతో ఎవరైనా కబుర్లు చెప్తారా? మీ మామయ్య చూసుంటే లేచి వెళ్ళిపోయేవాడు."

నా ప్రాణం లేచొచ్చింది. "మరి రెండోసారి ఎందుకు వేయించుకున్నావు?"

"తిరిగింది కదా" అంది అమ్మ.

"అదే కదా వాళ్ళు చేసిన పాడుపని! నువ్వు తిరగలేదు. సినిమాలో సరే, నిజంగా నాన్న వచ్చిన రోజు కూడా నువ్వు తిరగలేదు."

అమ్మ చక్రం తుడవడం ఆపింది.

"తిరగబోయానే" అంది.

నాకు అర్థం కాలేదు. అమ్మ నా వైపు చూడకుండా, చక్రాన్ని చూస్తూనే చెప్పింది.

"అడుగులు వినగానే ఆయనేనని తెలిసింది. పై మెట్టు ఎక్కేటప్పుడు కాలు కాస్త ఈడుస్తాడు. మిషను ఆపాను. సగం తిరిగాను కూడా. ఆ బెంచీ మీద ఇద్దరు కూర్చునున్నారు, కొలతలివ్వడానికి వచ్చారు. బ్యాంకులో పనిచేసే ఆవిడా, వాళ్ళ చెల్లెలూ. ఆవిడ చెల్లెల్ని మోచేత్తో పొడిచి, 'తిరగదు చూడు' అంది. మెల్లిగానే అంది. నాకు వినపడింది."

"అయితే?"

"అయితే ఏముంది. తిరగలేకపోయాను. అందరూ నన్ను చూసి ఎంత మురిసిపోయేవాళ్ళు అప్పుడు. మీ మామయ్యకి ఎంత పేరు. ఇప్పుడు తిరిగితే ఏమనుకుంటారో అనిపించింది. చేతిలో చొక్కాకి చంక కుట్టు సగంలో ఉంది. సరే, ఈ కుట్టు పూర్తిచేసి, అప్పుడు పని కోసం లేచినట్టు లేచి తిరుగుదాం అనుకున్నాను. మిషను తొక్కాను. కుట్టు అయింది. తిరిగేసరికి లేడు."

కింద సైకిలు షాపువాడు షట్టరు దించుతున్నాడు. ఆ చప్పుడు అయ్యేదాకా అమ్మ ఆగింది.

"ఆయనా ఆ సినిమా చూసే ఉంటాడు. మిషను మళ్ళీ మొదలైందంటే అయిపోయిందనే అనుకునుంటాడు. తర్వాత చూస్తే ఆ చంక కుట్టు వంకరపోయింది. మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను."

"తిరిగుంటే? క్షమించేదానివా?" అన్నాను.

"ఏమో. చెంప పగలగొట్టేదాన్నేమో. అన్నం తిన్నావా అని అడిగేదాన్నేమో. తిరిగితే కదా తెలిసేది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అందరికీ అంత సంబరంగా చెప్పుకుంటుంటే ఎలా చెప్పను? అప్పట్నించి మెట్ల మీద ఎవరొచ్చినా తిరగలేదు. ఆయనొచ్చినప్పుడు తిరగనిదాన్ని, ఇంకెవరి కోసం తిరుగుతాను? జనం దాన్నీ సినిమా అనుకున్నారు."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. బ్యాంకు ఆవిడ మీదా, నాన్న మీదా, చివరికి మామయ్య మీద కూడా. మామయ్య మీద నాకు కోపం రావడం అదే మొదటిసారి. అంత మంచి సినిమా ఎందుకు తీశావయ్యా అని అడుగుదామంటే ఆయన లేడు. అంతమందీ నమ్మేటట్టు కాకుండా కాస్త చెడ్డగా తీసుంటే, ఆ బెంచీ మీద ఎవరూ ఎవర్నీ మోచేత్తో పొడిచేవాళ్ళు కాదు. ఈ వెధవ సినిమా చూసి ఏ ఆడదీ తన కొంపలో ఏ పనీ ఆపుకోదు.

మర్నాడు పొద్దున్నే బుడ్డోడు కెమెరాతో దిగాడు. నేను అడ్డుపడలేదు. అమ్మ మిషను ముందు కూర్చుని, దీపం వెలుగుకి నీళ్ళు తిరిగిన కళ్ళు చికిలిస్తూ చెప్పింది. "సినిమా బాగాలేదు. మొదటిదే మంచి సినిమా. ఇందులో ఎవరికీ కుట్టడం రాదు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది, అది బాగుంది."

బుడ్డోడు దణ్ణం పెట్టి వెళ్ళాడు. వారం తిరక్కముందే ఆ ముక్క అన్ని ఫోన్లలోకీ వచ్చేసింది. అమ్మ మొహం, తడిగా ఉన్న కళ్ళు, వెనక వయొలిన్లు, "అది బాగుంది" అన్న మాట. ఆ ఒక్క మాటే ఉంచి తక్కినదంతా కోసేశాడు వెధవ. పోస్టర్ల మీద "అసలు అమ్మ మెచ్చిన సినిమా" అని వేయించాడు. ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. "అత్త అన్న మాటే కదా వదినా, కొత్తగా ఏం చేర్చలేదు" అన్నాడు. అయినా ఏం లాభం లేకపోయింది. విడుదలైన రెండో వారానికల్లా థియేటర్లు ఖాళీ. జనం పాతదే మళ్ళీ వెతుక్కుని చూసుకుంటూ, కొత్తదాన్ని దుమ్మెత్తిపోశారు. ఆ తిట్లు చదువుతుంటే ఒకప్పుడైతే నాకు కడుపు నిండేది. అందరూ కొత్తదాంట్లో అన్నిటికన్నా పెద్ద తప్పు ఆవిడ తిరగడమే అని రాశారు. అవి చదివి ఫోను పక్కన పడేశాను.

ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్ల ఒకతి, "మీ అమ్మగారు నిజంగానే తిరగలేదట కదా మేడమ్" అని కళ్ళింత చేసుకుని అడిగింది. నేను బల్ల మీది చొక్కా తిరగేస్తూ "పని చూసుకోమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వెలుతురు ఇంకా ఉంది. భుజాన సంచీతో, ఎప్పట్లాగే ఇనప మెట్లెక్కాను. పైనుంచి మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆఖరి మెట్టు మీద కాలు పెడుతుండగా చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలవుతుందని నేను అక్కడే ఆగాను.

అమ్మ కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, గుమ్మం వైపు చూస్తోంది.

"నేనేనమ్మా" అన్నాను.

"తెలుసులే" అంది అమ్మ. కానీ వెంటనే అటు తిరగలేదు. నా వెనక ఖాళీ మెట్ల వైపు ఇంకాసేపు చూసింది.